జాజికాయ దీవులు – మన తీరపు బట్టలు

మన ఇళ్లలో జాజికాయను ఎరుగనివారుండరు. పసిబిడ్డకు కడుపులో నొప్పి వస్తే సానమీద అరగదీసి నాకించేది అదే. తాంబూలంలో జాపత్రి, పండుగనాటి మిఠాయిలో చిటికెడు జాజికాయ పొడి మన అమ్మమ్మల నాటినుంచి వస్తున్న అలవాటు. పినాంగు వెళ్లివచ్చేవారు బువా పాలా ఊరగాయో, రసమో కొని తేవడం మనకు మామూలే. అయితే ఈ కాయకు పుట్టిల్లు పినాంగు కాదు, ఆంధ్రదేశమూ కాదు. ఇండోనేసియాకు తూర్పున, మలుకు దీవులలో, సముద్రం మధ్య విసిరేసినట్లున్న బాండా అనే చిన్న దీవుల గుంపు దాని జన్మస్థానం. పద్దెనిమిదవ శతాబ్దం చివరిదాకా ప్రపంచమంతటికీ జాజికాయ దాదాపుగా అక్కడినుంచే వచ్చేది.

ఆ దీవుల సంగతి మన సంచికలో ఎందుకని కొందరు అడుగవచ్చును. ఆ జాజికాయను కొన్న డబ్బు ముఖ్యంగా వెండి కాదు, బంగారం కాదు, బట్ట. ఆ బట్టలో పెద్ద భాగం మన మచిలీబందరు, నిజాంపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం చుట్టుపక్కల ఊళ్ల మగ్గాలమీద నేసినది. మన పూర్వీకులు ఎస్టేటు పనికి ఓడ ఎక్కడానికి 300 ఏళ్ల ముందే వారి చేతిపని ఈ సముద్రాలు దాటింది. దూరపు పల్లెలో బయటివారు పెట్టే పెట్టుబడి ఆ పల్లెకు ఏమి చేస్తుందో చెప్పడానికి బాండాకంటె స్పష్టమైన ఉదాహరణ చరిత్రలో అరుదు. ఆ రెండు సంగతులూ కలిపి మన కుటుంబాల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశము.

దీవులూ, ఊళ్లూ

బాండా దీవులు పదీ పదకొండు. జనం స్థిరంగా ఉండేవి ఇంకా తక్కువ. నెయిరా దీవిలో ముఖ్యమైన పట్నం, రేవు. దానికి ఎదురుగా గునుంగ్ ఆపి, అంటే అగ్నిపర్వతం. నీళ్లలోనుంచి 640 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. 1988లో అది బద్దలైనప్పుడు వేలాది జనాన్ని దీవులు విడిపించి తరలించవలసి వచ్చింది. మూడవది లోంతోర్, అన్నిటికన్నా పెద్దది. తోటలలో ఎక్కువ భాగం అక్కడే. పడమటగా ఆయ్, రున్ అనే చిన్న దీవులు. రున్ పొడవు సుమారు 3 కిలోమీటర్లు మాత్రమే. అక్కడ మంచినీటి ఊటలు లేవు. వానాకాలంలో పట్టి దాచుకొన్న నీరే ఆధారం. దీవులన్నిటా కలిపి నేటి జనాభా సుమారు 20 వేలు.

ఇక్కడి పల్లె అంటే సముద్రపు ఒడ్డున వరుసగా ఇళ్లు, వెనుక కొండవాలులో తోట. జాజి చెట్టు ఎండకు, గాలికి ఓర్వదు. అందుచేత కెనారి అనే మహావృక్షాల నీడన దానిని పెంచుతారు. కాయ పండితే జల్దారు పండులా పసుపు రంగు తేలి రెండుగా విచ్చుకొంటుంది. లోపల నల్లటి పెంకు, దానిమీద ఎర్రటి వలలాంటి జాపత్రి, పెంకు లోపల జాజికాయ. కొనకు చిన్న బుట్ట కట్టిన పొడుగాటి వెదురు గడతో కాయలు కోస్తారు. ఆ గడను గాయ్‌గాయ్ అంటారు. కాయ నేలమీద పడి దెబ్బ తినకూడదని ఈ ఏర్పాటు. జాపత్రిని ఎండబెడతారు, గింజలను సన్నని పొగమీద ఆరబెడతారు. 400 ఏళ్లలో రాజ్యాలు మారాయి గాని ఈ పని తీరు పెద్దగా మారలేదు.

జాజి ఉంది, చేప ఉంది, కొబ్బరి ఉంది. కాని వరి లేదు. తిండికి సగ్గుపిండి సేరం, కెయ్ వంటి ఇతర దీవులనుంచి, బియ్యం జావానుంచి రావాలి. కాబట్టి బాండావారు మొదటినుంచీ వ్యాపారస్థులే. వారికి రాజు లేడు. ప్రతి ఊరిలోను ఓరంగ్ కాయా అనే పెద్దలు ఉండేవారు. మలాయ్ తెలిసిన మనకు ఆ మాట అర్థం చెప్పనక్కరలేదు, ధనవంతులు అని. వారే ధరలు తేల్చేవారు, తగవులు తీర్చేవారు.

గాలి కోసం ఆగిన వర్తకులు

తెరచాప ఓడల కాలంలో బాండాకు ఎప్పుడు పడితే అప్పుడు పోయే వీలు లేదు. జావానుంచి తూర్పుకు పోవాలంటే డిసెంబరు మొదలు మార్చి వరకు వీచే పడమటి గాలి కావాలి. తిరిగి రావాలంటే మే తరువాత తూర్పుగాలి వచ్చేదాకా కాచుకోవాలి. అందుచేత జావా, మలాయ్ వర్తకులు నెలల తరబడి ఆ ఊళ్లలోనే కాపురం ఉండవలసి వచ్చేది. అక్కడి తిండి తిని, అక్కడి భాష మాట్లాడి, కొందరు పెళ్లిళ్లు కూడా చేసుకొని ఊరిలో కలిసిపోయేవారు. ఇస్లాం మతం ఆ దీవులకు చేరింది కూడా ఇటువంటి వర్తకుల ద్వారానే.

ఈ వర్తకులు తెచ్చే సరుకులో ముఖ్యమైనది బట్ట. మలక్కా రేవుకు గుజరాతునుంచి, కోరమాండల్ తీరంనుంచి బట్టలు వచ్చేవి. 1512–15 ప్రాంతంలో మలక్కాలో ఉన్న తోమే పిరెస్ అనే పోర్చుగీసు ఉద్యోగి ఈ వ్యాపారాన్ని వివరంగా రాసిపెట్టాడు. కోరమాండల్ వర్తకులను మలక్కాలో కెలింగ్ అనేవారు. కళింగ దేశపు పేరునుంచి వచ్చినదని చెప్పే ఆ మాట నేడు తిట్టుగా దిగజారింది, దానిని విని బాధపడని భారతీయ కుటుంబం ఈ దేశంలో లేదు. కాని ఒకప్పుడు అది రేవులో గౌరవంగల వర్తకుల పేరని మన పిల్లలకు తెలియవలసి ఉన్నది.

బాండావారికి బట్ట కేవలం ఒంటిమీద వేసుకొనేది కాదు. పెళ్లికి కానుక, చావుకు కప్పు, ఇంటికి నిలవ సొమ్ము అదే. తూర్పు ఇండోనేసియాలో చాలాచోట్ల భారతదేశపు బట్టలను తరతరాలుగా పెట్టెల్లో దాచి, పండుగలకు మాత్రమే బయటికి తీసేవారు. సులవేసి దీవిలో తొరాజా కొండల ఇళ్లలో దాచిన అటువంటి పాత బట్టలు నేడు పలు దేశాల మ్యూజియంలలో కనిపిస్తాయి. మన దేశపు వేడికి, చెదలకు నిలవక మన ఇళ్లలో మిగలని ఆనాటి నేత, అద్దకం పరాయి దీవి పల్లెవాళ్లు భక్తితో దాచడంవల్ల బతికి ఉన్నది.

మచిలీబందరు బట్ట

పోర్చుగీసువారు 1512లో బాండా చేరారు. డచ్చివారు 1599లో వచ్చారు. డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1602లో ఏర్పడింది. వచ్చిన కొద్ది కాలానికే వారికి ఒక సంగతి తెలిసివచ్చింది. ఐరోపానుంచి తెచ్చిన సరుకును ఈ దీవులలో అడిగేవారు లేరు. వెండికంటె కూడా భారతదేశపు నూలుబట్టకే ఇక్కడ గిరాకీ. బట్ట కావాలంటే అది పుట్టే చోటికి పోవాలి.

అలా వారు 1605లో మచిలీబందరులో దిగారు. 1606లో గోలకొండ సుల్తానుతో ఒప్పందం కుదిరింది. అదే కాలంలో పెద్దపల్లి అనే నిజాంపట్నంలో కూడా కొట్టు పెట్టారు. తరువాత పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వంటి చోట్లకు విస్తరించారు. మన పెద్దలు వారిని వలందావారు అన్నారు. మలాయ్ వారు బెలండా అన్నారు. హాలెండు పేరు పోర్చుగీసు నోట పడి, అక్కడినుంచి రెండు తీరాలకూ చేరిన మాట ఇది. మచిలీబందరులో వలందపాలెం నేటికీ ఉన్నది.

కంపెనీ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో కోరమాండల్ తీరాన్ని మలుకు దీవులకు ఎడమ చేతితో పోల్చాడు. ఆ తీరపు బట్ట లేనిదే దీవులలో వ్యాపారం నడవదని అతని నమ్మకం. అంతటి చేయి ఎవరిది? కృష్ణా గోదావరి డెల్టాలలోని సాలెవారిది, దేవాంగులది, అద్దకపు పనివారిది. చిరివేరు ఉడికించి తీసిన ఎరుపు మన తీరపు ప్రత్యేకత. నిజాంపట్నం ప్రాంతపు చిరివేరుకు ఆనాడు గొప్ప పేరు. ఎన్నిసార్లు ఉతికినా వన్నె తగ్గని ఆ ఎరుపును, నీలిమందు నీలాన్ని చూసి బట్ట నాణ్యం గుర్తించేవారు. ఏ దీవికి ఏ రంగు, ఏ అంచు, ఎంత పొడుగు కావాలో ముందే నమూనా పంపి నేయించేవారు. అంటే పాలకొల్లు పక్క పల్లెలోని నేతగాడు తాను ఎన్నడూ చూడని దీవివాసి అభిరుచికి తగినట్లు నేసేవాడన్నమాట.

అతనికి దక్కినది మాత్రం పెద్దగా లేదు. కంపెనీ వర్తకునికి బయానా ఇచ్చేది. వర్తకుడు నేతగానికి ఇచ్చేవాడు. నూలు ధర పెరిగినా, బియ్యం ధర పెరిగినా, ఒప్పుకొన్న బట్ట ఒప్పుకొన్న వెలకే ఇవ్వాలి. ఇవ్వలేకపోతే అప్పు వచ్చే ఏటికి మోయాలి. ఇటు మగ్గం దగ్గర నేతగాడు, అటు చెట్టు దగ్గర తోటవాడు. ఇద్దరికీ మధ్య ధర కట్టేవాడు ఒక్కడే. ఈ సంగతి గుర్తు పెట్టుకొంటే తరువాత జరిగినది అర్థమవుతుంది.

1621

కొనేవాడు ఒక్కడే అయితే వెల వాడు చెప్పినదే. డచ్చివారు కోరినది అదే. బాండా పెద్దలచేత జాజికాయంతా తమకే అమ్మాలని కాగితాలమీద సంతకాలు చేయించారు. కాని తమకు బియ్యం, సగ్గుపిండి తెచ్చే జావా వర్తకులను కాదని ఒక్క కంపెనీకే అమ్మితే ఆ ఊళ్లవారు తినేదేమిటి? తగినంత తిండి కంపెనీ తేలేదు. ఒప్పందం నిలవలేదు. 1609లో కంపెనీ నౌకాధిపతి వెర్‌హోవెన్‌ను బాండావారు చంపారు. ఆ ఏడే నెయిరాలో నసావు కోట, 1611లో దానిపైన బెల్గికా కోట లేచాయి. ఇంగ్లీషువారు రున్ దీవిని ఆశ్రయించారు. నథానియల్ కోర్ట్‌హోప్ అనే అతడు 1616 చివరనుంచి 1620లో చనిపోయేదాకా కొద్దిమందితో ఆ నీళ్లు లేని దీవిని పట్టుకొని కూర్చున్నాడు.

1621లో కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌సూన్ కూన్ పదిహేను వందలకు పైగా సైనికులతో వచ్చి లోంతోర్‌ను పట్టుకొన్నాడు. ఊళ్లు తగులబెట్టారు. మే 8వ తేదీన సుమారు నలభైమంది ఓరంగ్ కాయాలను నసావు కోట దగ్గర కూలికి తెచ్చిన జపాను సిపాయిలచేత నరికించారు. కొండలలోకి పారిపోయినవారు ఆకలికి, జబ్బుకు చనిపోయారు. వందలమందిని బానిసలుగా బటేవియాకు, అంటే నేటి జకార్తాకు తోలారు. అంతకుముందు దీవులలో సుమారు 15 వేలమంది ఉండేవారని చరిత్రకారుల అంచనా. మిగిలినది వెయ్యి ప్రాంతం. కొందరు పడవలమీద కెయ్ దీవులకు చేరుకొన్నారు. అక్కడి బాండా ఎలి, బాండా ఎలాత్ అనే ఊళ్లలో వారి సంతతి నేటికీ ఉన్నది. బాండా దీవులలోనే వినపడకుండా పోయిన అసలు బాండా భాష ఆ రెండు ఊళ్లలో బతికి ఉన్నది. పుట్టిన గడ్డ పోయినా భాషను 400 ఏళ్లు నిలబెట్టుకొన్న ఆ రెండు పల్లెలను మనవంటివారు ఆదర్శంగా తీసుకోదగును.

పెట్టుబడి పెట్టినవారు, పనిచేసినవారు

ఊరు ఖాళీ అయింది, చెట్లు మిగిలాయి. కంపెనీ తోటలను పెర్క్ అనే 68 ముక్కలుగా కోసింది. లోంతోర్‌లో 34, ఆయ్‌లో 31, నెయిరాలో 3. వాటిని కంపెనీ కొలువు చేసి విరమించినవారికి, మరికొందరు ఐరోపావారికి ఇచ్చింది. వారిని పెర్కెనీర్లు అనేవారు. ఒక్కొక్క పెర్కుకు ఇంతమంది బానిసలని లెక్క. బియ్యం, బట్ట, మనుషులు కంపెనీయే అమ్మేది. పండినదంతా కంపెనీయే తాను కట్టిన వెలకు కొనేది. తోటదారు వేషం దొరవేషమే గాని, అప్పుపద్దు ఎప్పుడూ కంపెనీ పుస్తకంలోనే. తుపాను వచ్చి చెట్లు కూలినా, కొండ బద్దలై బూడిద కప్పినా నష్టం తోటదారుది. అతని నష్టం చివరికి పడేది బానిస వీపుమీద.

ఆ బానిసలు ఎక్కడివారు? సులవేసి, బూటన్, జావా, మలబారు – వీటితోపాటు కోరమాండల్ తీరంవారు కూడా ఉన్నారు. చంద్రగిరినుంచి ఏలిన వెంకటపతి రాయల అనుమతితో డచ్చివారు 1610లో పులికాట్‌లో స్థిరపడ్డారు. 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. బట్టల మూటలు ఎక్కిన రేవునుంచే మనుషులను కూడా ఎక్కించారు. కరవు వచ్చిన ఏడు తిండిలేక తమను తాము, తమ పిల్లలను అమ్ముకొన్నవారిని, యుద్ధాలలో పట్టుబడినవారిని వేల సంఖ్యలో ఈ దీవులవైపు పంపారు. 1620ల మొదట్లో, తరువాత 1640లలో, 1670లలో కరవులు వచ్చినప్పుడల్లా ఇది జరిగింది. వారి పేర్లు లేవు, ఊళ్లు లేవు. ఓడ పట్టీలో తలల లెక్క మాత్రమే ఉంది.

మన సంఘం సంచికలలో పూర్వీకుల గొప్పతనం గురించి రాసుకోవడం సహజము, అవసరము కూడా. మన బట్ట ప్రపంచాన్ని జయించిందని చెప్పుకొనేటప్పుడు, అదే ఓడ అడుగున మనవాళ్లు కూడా ఉన్నారని చెప్పుకోవడం న్యాయం. మన తాత ముత్తాతలు కంగాణీ వెంట పేరాక్, కెడా, జొహోర్ ఎస్టేట్లకు వచ్చినది బానిసలుగా కాదు. రెంటినీ ఒకటిగా కట్టడం సరికాదు. అయినా దూరపు ఊరు, ముందుగా ఇచ్చిన అప్పు, ఎస్టేటు అంగడిలో పద్దు, ఎక్కడో కూర్చుని కట్టే ధర – ఈ నాలుగూ విన్నప్పుడు మన ఇంటి పెద్దల మాటలు గుర్తు రాక మానవు.

ఒక దీవికి బదులు ఇంకొకటి

1667లో బ్రెడా ఒప్పందంతో ఇంగ్లీషువారు రున్ దీవిమీద హక్కు వదులుకొన్నారు. డచ్చివారు తమ చేతినుంచి అంతకుముందే జారిపోయిన అమెరికాలోని మన్‌హట్టన్‌ను వదులుకొన్నారు. ఆనాడు ఈ బేరంలో లాభం డచ్చివారిదే అనుకొన్నారు! నేడు మన్‌హట్టన్ లోకప్రసిద్ధ మహానగరం. రున్ దీవి జాలరుల, జాజి తోటల పల్లె.

ఫ్రాన్సుతో యుద్ధాల కాలంలో, 1796లో ఒకసారి, 1810లో మరొకసారి ఇంగ్లీషువారు బాండాను పట్టుకొన్నారు. అప్పుడు జాజి మొక్కలు పెకలించి పినాంగుకు, సుమత్రాలోని బెంకూలెన్‌కు, సింహళానికి తరలించారు. మన పినాంగు బువా పాలా పుట్టుక ఇదే. 1843లో జాజి వెస్టిండీస్‌లోని గ్రెనడా దీవి చేరింది. నేడు ఆ దేశపు జెండామీదనే జాజికాయ బొమ్మ ఉన్నది. 200 ఏళ్లు కత్తితో కాపాడిన గుత్తాధిపత్యం కొన్ని మొక్కల తొట్లతో కూలిపోయింది.

1824 మార్చి 17న లండనులో ఇంగ్లీషువారూ డచ్చివారూ చేసుకొన్న ఒప్పందం మనకు మరీ ముఖ్యము. దాని ప్రకారం డచ్చివారు భారతదేశంలోని తమ కొట్లన్నీ, అంటే పాలకొల్లు, భీమునిపట్నం వగైరాలను ఇంగ్లీషువారికి ఇచ్చారు. దానితో పాటే మలక్కానూ ఇచ్చారు. ఇంగ్లీషువారు బెంకూలెన్ వదులుకొన్నారు. మన పుట్టిన తీరం, మనం చేరబోయే తీరం ఒకే కాగితంమీద ఒకే దొర చేతికి వచ్చాయి. తరువాతి కాలంలో విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలనుంచి మలయా ఎస్టేట్లకు మనవారు నడిచిన దారికి ఆ కాగితమే మొదటి మెట్టు. 1938లో భారత ప్రభుత్వం ఆ కూలీల వలసను ఆపేదాకా ఆ దారి తెరిచే ఉన్నది.

బాండాలో 1860లో బానిసత్వం రద్దయింది. తరువాత కొద్దికాలం స్వేచ్ఛా వ్యాపారంతో తోటదారులు మహా సంపన్నులయ్యారు. నెయిరాలో పాలరాతి నేలలు పరచిన భవనాలు కట్టుకొన్నారు. జావానుంచి కూలీలను తెచ్చారు. ధర పడిపోగానే ఆ సంపద కూడా పోయింది. స్వాతంత్ర్యానంతరం తోటలు జాతీయమయ్యాయి. నాటి భవనాల గోడలమీద ఇప్పుడు నాచు.

ప్రవాస శిక్ష పడినవారు మాస్టార్లైన ఊరు

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ దీవుల కథ ఇంకొక మలుపు తిరిగింది. డచ్చి ప్రభుత్వం స్వాతంత్ర్య యోధులను దూరంగా పారవేయడానికి బాండాను ఎన్నుకొన్నది. మహమ్మద్ హట్టా, సుతాన్ షహ్రీర్ 1936లో ఇక్కడికి వచ్చి 1942 వరకు ఉన్నారు. తరువాత హట్టా ఇండోనేసియాకు మొదటి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ మొదటి ప్రధానమంత్రి అయ్యారు. ప్రవాస శిక్షలో వారు చేసిన పని ఊరి పిల్లలకు చదువు చెప్పడం. పాఠాలతోపాటు ఈత, నడవడి, లోకజ్ఞానం నేర్పారు. హట్టా పెట్టెలకొద్దీ పుస్తకాలతో దిగాడు. నేడు రెండు దీవులు వారి పేర్లతోనే పిలువబడుతున్నాయి.

ఆ పిల్లలలో ఒకడు డెస్ అల్వి. 1927లో నెయిరాలో పుట్టిన ఈయన హట్టా, షహ్రీర్‌ల ఇంటి బిడ్డగా పెరిగాడు. దౌత్య వ్యవహారాలలో పనిచేశాడు. రాజకీయ కారణాలవల్ల కొంతకాలం మన కౌలాలంపూర్‌లో తలదాచుకొన్నాడు. మలేషియా, ఇండోనేసియాల మధ్య ఘర్షణ 1966లో ముగియడానికి జరిగిన మంతనాలలో ఆయన చేయి ఉన్నది. తరువాత స్వగ్రామానికి తిరిగివచ్చి హోటలు కట్టాడు, పాత కోటలను, ఇళ్లను బాగు చేయించాడు, యాత్రికులను రప్పించాడు, దీవుల చరిత్రను రాశాడు. 2010లో కన్నుమూశాడు. బాండాలో 400 ఏళ్లుగా పెట్టుబడి పెట్టినవారెందరో ఉన్నారు. వారిలో ఊరికి తిరిగి ఇచ్చినవారిని లెక్కించాలంటే ఈయన పేరు ముందు రావాలి.

ఒక్క మనిషి కృషికి మాత్రం పరిమితి ఉన్నది. 1999లో మలుకులో చెలరేగిన మత కలహాలు బాండానూ తాకాయి. క్రైస్తవ కుటుంబాలు దీవులు విడిచిపోయాయి. యాత్రికుల రాక ఆగిపోయింది. 2002 నాటి శాంతి ఒప్పందం తరువాతనే మెల్లగా తేరుకొన్నది. యాత్రికులమీదనే ఆధారపడిన ఊరికి కూడా, జాజిమీదనే ఆధారపడిన ఊరికున్న ప్రమాదమే ఉన్నదని దీనివల్ల తెలుస్తున్నది.

నేడు వెళ్లేవారికి, డబ్బు పెట్టాలనుకొనేవారికి

సెలవులకు ఇండోనేసియా దీవులకు వెళ్లే మన కుటుంబాలు బాలి వరకే పోయి తిరిగివస్తున్నాయి. బాండా చేరాలంటే మొదట అంబోన్ పోవాలి. అక్కడినుంచి సుమారు 200 కిలోమీటర్ల సముద్రం. సముద్రం శాంతంగా ఉన్న రోజులలో వేగపడవలు తిరుగుతాయి. ప్రభుత్వ నౌకా సంస్థ పెల్ని ఓడలు వంతులవారీగా తాకుతాయి. పడమటి గాలి, తూర్పు గాలి బలంగా ఉండే నెలలలో రాకపోకలు తప్పిపోవడం నేటికీ మామూలే. రెండు గాలుల నడిమి కాలం, అంటే మార్చి నుంచి మే వరకు, సెప్టెంబరు చివరినుంచి నవంబరు వరకు, అనుకూలము. ఒకటి రెండు రోజులు అదనంగా చేతిలో ఉంచుకోనిదే బయలుదేరరాదు. ఆ పాతకాలపు వర్తకుని ఓర్పు కొంతైనా మనకు కావాలి. భాష బెంగ లేదు. మన పిల్లల మలాయ్ అక్కడ చక్కగా సాగుతుంది.

ఇక దీవులలో నేల చవకగా వస్తుందని విని ఆశపడేవారికి ఒక హెచ్చరిక. ఇండోనేసియా 1960లో చేసిన భూమి చట్టం ప్రకారం పూర్తి స్వామ్యం, అంటే హక్ మిలిక్, ఆ దేశపు పౌరులకు మాత్రమే. విదేశీయుడు స్థానికుని పేర కొని రహస్యపు కాగితం రాయించుకొంటే ఆ కొనుగోలు చెల్లదు. భూమి ప్రభుత్వపరం కావచ్చును. అక్కడ చట్టబద్ధంగా నివసించే విదేశీయులకు నిర్ణీత కాలానికి వాడుకొనే హక్కు, అంటే హక్ పకాయ్, ఉన్నది. ఈ హక్ అన్నది అరబ్బీనుంచి వచ్చిన మాటే. మన హక్కు కూడా అదే. 1621 వంటి అనుభవం ఉన్న దేశం నేలమీద హక్కును పరాయివారికి సులువుగా ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

చట్టంతోపాటు ఊరి కట్టుబాటు ఒకటి ఉన్నది. మలుకు పల్లెలలో సాసి అనే ఆచారం ఉంది. కొబ్బరి గాని, సముద్రపు గుల్లలు గాని, ఫలానా కాలంవరకు ఎవరూ ముట్టరాదని ఊరి పెద్దలు చాటిస్తారు. గడువు తీరాక అందరూ కలిసి ఎత్తుకొంటారు. మీరినవారికి జరిమానా. డబ్బున్న బయటివానికి కూడా ఇందులో మినహాయింపు లేదు. జాజి చెట్టు స్వభావం కూడా ఈ కట్టుబాటు వంటిదే. నాటిన ఏడెనిమిదేళ్లకు గాని కాపు మొదలు పెట్టదు. నిండు కాపుకు ఇంచుమించు 20 ఏళ్లు. మగచెట్టో ఆడచెట్టో పూసేదాకా తేలదు. ఏడాదిలో లాభం చూడాలనుకొనేవాడు ఆ తోటలో పనికిరాడు. కొడుకు కోసం నాటేవాడు పనికివస్తాడు.

మన పిల్లలకు

మలాయ్ వర్తకుడు బాండాలో గాలి కోసం ఆగాడు. ఆగినందువల్ల ఊరివాళ్ల ఆకలి, అవసరం తెలుసుకొన్నాడు, ఊరిలో ఒకడయ్యాడు. కంపెనీ ఆగలేదు. కోట కట్టి ఊరినే తీసివేసింది. హట్టా, షహ్రీర్ అక్కడ ఉండాలని కోరుకోకపోయినా, ఉన్నన్నాళ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పారు. పరాయి ఊరికి పోయినవాడు ఈ మూటిలో ఏదో ఒక తీరున మసలక తప్పదు. మన పెద్దలు మలయా వచ్చి ఏ తీరు ఎన్నుకొన్నారో మన బడులు, మన రామమందిరాలు, మన సంఘాలే చెబుతాయి. వారు తోటలో కూలి చేస్తూనే ఊరు కట్టుకొన్నారు.

ఇళ్లలో పాత పెట్టెలు ఉన్న పెద్దలకు మా మనవి ఒక్కటే. పాత చీర గాని, అద్దకపు దుప్పటి గాని, ఓడ టిక్కెట్టు గాని, ఎస్టేటు పుస్తకం గాని ఉంటే పారవేయకండి. ఎవరిది, ఏ ఊరినుంచి, ఏ ఏట వచ్చినదో చిన్న కాగితంమీద తెలుగులోను, మలాయ్‌లోను రాసి లోపల పెట్టండి. తొరాజా కొండలలోని పల్లెవాళ్లు మన బట్టను 400 ఏళ్లకు పైగా దాచగలిగినప్పుడు, మన సొంత పెట్టెను మనం ఇంకొక్క తరానికి దాచలేమా? ఈసారి పినాంగులో బువా పాలా కొన్నప్పుడు దాని వెనుక బాండా ఊళ్లను, మచిలీబందరు మగ్గాలను, పులికాట్ రేవును మన పిల్లలకు చెప్పవలసిందిగా కోరుతున్నాము.